విప్లవానికి ముందునాటి వెర్సాయ్: ఏ సినిమాను ఎంచుకోవాలి?

ఫ్రెంచి విప్లవం అనగానే చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది 1789 జూలై 14న పారిస్ ప్రజల చేతికి చిక్కిన బాస్టిల్ కోట. ఆ రోజు పారిస్ వీధుల్లో ఏం జరిగిందో పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అక్కడికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న వెర్సాయ్ రాజభవనంలో అప్పుడు ఎవరు ఏ పనిలో ఉన్నారో, అంతకు ముందు ఇరవై ఏళ్లుగా ఆ కొలువు ఏ తీరున నడిచిందో మాత్రం అవి పెద్దగా చెప్పవు. ఆ లోటు తీర్చగల సినిమాలు అరడజను దాకా ఉన్నాయి. వాటిలో రెండింటికి పేరు కూడా ఒకటే, అన్నింటిలోనూ అవే పొడి చల్లిన విగ్గులు, అవే అద్దాల గదులు కనిపిస్తాయి. అందువల్ల ఏదైనా ఒకటేనని చేతికందిన సినిమా పెట్టుకొని, అరగంటలో విసిగి, ఈ విషయం మనకు పట్టదని వదిలేసేవారు ఎక్కువ. నిజానికి ఈ సినిమాలు ఒకదానికొకటి చాలా దూరం. ఎవరికి ఏది తగుతుందో ముందే తెలుసుకొని కూర్చుంటే ఆ విసుగు రాదు.

ఎంపికకు నేను రెండు ప్రశ్నలను కొలబద్దగా పెట్టుకుంటాను. ఈ సినిమా మనల్ని ఆ భవనంలో ఎవరి పక్కన నిలబెడుతోంది? ఆ మనిషికి బయటి కబురు ఎంతవరకు చేరుతోంది? నటీనటుల పేర్లు, దుస్తుల అందం, వచ్చిన బహుమతులు ఆ తర్వాతి మాట. వెర్సాయ్ కథలోని విషాదమంతా తెలియకపోవడంలోనే ఉంది. బాస్టిల్ పడిన రోజున 16వ లూయీ తన దినచర్య పుస్తకంలో "ఏమీ లేదు" అని రాసుకున్నాడు. అది ముఖ్యంగా వేట లెక్కల పుస్తకం కనుక ఆ రోజు వేట లేదని మాత్రమే దాని అర్థం; రాజు తెలివితక్కువవాడనడానికి దాన్ని రుజువుగా చూపడం న్యాయం కాదు. అయినా రాజ్యం తలకిందులవుతున్న రోజున రాజు చేతి పుస్తకంలో వేటకు తప్ప మరొకదానికి చోటు లేకపోవడం ఆ కొలువు స్వభావాన్ని పట్టి చూపుతుంది. ఆ రాత్రి లియాంకూర్ డ్యూక్ వచ్చి కబురు చెబితే "తిరుగుబాటా?" అని రాజు అడిగాడనీ, "కాదు ప్రభూ, విప్లవం" అని ఆయన బదులిచ్చాడనీ చరిత్రలో ప్రసిద్ధి. ఈ ప్రశ్నకూ ఆ జవాబుకూ మధ్య ఉన్న దూరాన్ని ఏ సినిమా ఎంత నిజాయితీగా చూపిందన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

సేవకురాలి వెనుక నడిచే సినిమా

బెన్వా జాకో దర్శకత్వంలో 2012లో వచ్చిన "ఫేర్‌వెల్, మై క్వీన్" ఈ పరీక్షలో అన్నింటికంటే ముందుంటుంది. శాంతాల్ తోమా 2002లో ప్రచురించిన ఫ్రెంచి నవల దీనికి ఆధారం. కథాకాలం 1789 జూలై 14తో మొదలై నాలుగు రోజుల్లో ముగుస్తుంది. కథానాయిక సిదోనీ రాణి మేరీ ఆంటోనెట్‌కు పుస్తకాలు చదివి వినిపించే కొలువులో ఉన్న యువతి. ఆ పాత్రలో లేయా సేడూ, రాణిగా డయాన్ క్రూగర్ నటించారు. కెమెరా దాదాపు అన్ని వేళలా సిదోనీని అంటిపెట్టుకొని ఉంటుంది కనుక ఆమె వెళ్లగలిగిన చోటికే మనమూ వెళ్తాం, ఆమె చెవిన పడిన మాటే మనకూ వినిపిస్తుంది. బాస్టిల్ మనకు కనిపించదు. వంటవాళ్ల గుసగుస, ఎవరో సగం విని సగం కల్పించి చెప్పిన కబురు, తెగవలసిన తలలు 286 అంటూ చేతులు మారే ఒక జాబితా, ఇలా తునకలు తునకలుగా విప్లవం భవనంలోకి వస్తుంది.

అద్దాల మందిరం వైభవానికి అలవాటుపడిన ప్రేక్షకులకు ఈ సినిమా ఆ వైభవం వెనుక భాగాన్ని చూపిస్తుంది. దోమలు కుట్టిన చేతులు, ఎలుకలు, ఇరుకు మేడమెట్లు, రాజుగారి నీడలో ఉండడం కోసం పెద్ద పెద్ద బిరుదులున్నవారు సైతం సర్దుకుపోయే చిన్న చిన్న గదులు ఇందులో ఉన్నాయి. రాత్రివేళ చీకటి నడవాలో ప్రభువులు, వారి భార్యలు పడక దుస్తుల్లోనే గుమిగూడి, కొవ్వొత్తుల వెలుగులో ఆ జాబితాలో తమ పేర్లు వెతుక్కునే ఘట్టం ఒక్కటి చూసినా చాలు, అధికారం చేజారడమంటే ఏమిటో అర్థమవుతుంది. అంతవరకూ ఎవరు ఎవరికి ముందు నడవాలో క్షుణ్ణంగా తెలిసిన మనుషులకు ఆ రాత్రి ఎటు నడవాలో తెలియదు. ఆ సంవత్సరపు సెజార్ పురస్కారాలలో (ఇవి ఫ్రెంచి సినిమాలకు ఇచ్చే జాతీయ పురస్కారాలు) ఛాయాగ్రహణం, దుస్తులు, కళాదర్శకత్వం మూడూ దీనికే దక్కాయి.

అయితే దీనికి కొంత సన్నాహం కావాలి. సినిమా ఎవరినీ పరిచయం చేయదు, దేనినీ వివరించదు. 1789 మే 5న మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభ అయిన ఎస్టేట్స్ జనరల్ సమావేశమైందనీ, జూన్ 20న సామాన్య వర్గ ప్రతినిధులు రాజ్యాంగం ఏర్పడేదాకా విడిపోమని టెన్నిస్ కోర్టులో ప్రమాణం చేశారనీ, జూలై 11న రాజు ప్రజాదరణ ఉన్న ఆర్థికమంత్రి నెక్కర్‌ను తొలగించాడనీ, ఆ వార్తతోనే పారిస్ భగ్గుమన్నదనీ, ఈ నాలుగు ముక్కలు తెలిసి కూర్చుంటే సినిమాలోని ప్రతి గుసగుసకూ బరువు వస్తుంది. మరో జాగ్రత్త కూడా అవసరం. రాణికీ ఆమె ఆప్తురాలు పొలిన్యాక్ డచెస్‌కూ మధ్య ఉన్నది స్నేహానికి మించిన అనుబంధమని సినిమా గట్టిగా సూచిస్తుంది. అలాంటి మాటలను ఆ కాలపు నిందాపత్రాలు విపరీతంగా ప్రచారం చేశాయి, రాణి ప్రతిష్ఠను దెబ్బతీసిన వాటిలో అవి ముఖ్యమైనవి. చరిత్రకారులు వాటిని రుజువుగా అంగీకరించరు. పొలిన్యాక్ కుటుంబం జూలై 16 రాత్రి వెర్సాయ్ విడిచి పారిపోయిందన్నది మాత్రం చరిత్ర. ఆ ప్రయాణం చుట్టూ అల్లిన కల్పనలోనే సిదోనీ కథ తేలుతుంది, కనుక ముగింపును ఇక్కడ బయటపెట్టను. యజమానురాలి మీద పెంచుకున్న భక్తికి సేవకురాలు చెల్లించవలసిన వెల ఎంతో ఆ ముగింపు నిలదీసి అడుగుతుందని చెప్పడం వరకు సరిపోతుంది.

రాణి గదిలోంచి చూసే సినిమా

సోఫియా కొప్పోలా తీసిన "మేరీ ఆంటోనెట్" 2006లో వచ్చింది. ఆంటోనియా ఫ్రేజర్ రాసిన జీవితచరిత్ర దీనికి ఆధారం, రాణిగా నటించినది కిర్‌స్టెన్ డన్‌స్ట్. ఈ సినిమా మీద రెండు అభిప్రాయాలు గట్టిగా ఉన్నాయి. కాన్ చిత్రోత్సవంలో కొందరు దీన్ని గేలి చేశారు, మరికొందరు మెచ్చుకున్నారు. ఇరవయ్యో శతాబ్దపు రాక్ సంగీతాన్ని పద్దెనిమిదో శతాబ్దపు విందుల మీద వినిపించడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. సంగీతం నచ్చకపోతే సినిమానే తోసిపుచ్చనవసరం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే కొలువు మర్యాదల యంత్రాంగాన్ని ఇంత ఓపికగా చూపిన సినిమా మరొకటి లేదు.

1770లో పద్నాలుగేళ్ల ఆస్ట్రియా రాకుమారిని రైన్ నది మధ్యనున్న ఒక దీవిలో ఫ్రెంచివారికి అప్పగించారు. పుట్టింటి బట్టలు కూడా అక్కడే విడిచి, అత్తింటివారు తెచ్చిన బట్టలు కట్టుకొని ఆమె ఈవలి ఒడ్డుకు రావలసి వచ్చింది. ఆ మరునాటి నుంచి ఆమె లేవడం, కట్టుకోవడం, తినడం, పడుకోవడం అన్నీ పదిమంది కళ్లముందే జరిగేవి. రాణి పరిచారిక కాంపాన్ తన జ్ఞాపకాలలో రాసిన ఒక ఉదంతం ప్రసిద్ధం. చలికాలం ఉదయాన లోపలి అంగీని రాణికి అందించే హక్కు గదిలో ఉన్నవారిలో హోదా ఎక్కువ ఉన్న స్త్రీది. కాంపాన్ అందించబోతుండగా అంతకంటే గొప్ప ఇంటి స్త్రీ ఒకరు వచ్చారు, ఆమె చేతికి ఇస్తుండగా ఇంకా గొప్ప ఇంటి స్త్రీ వచ్చింది, అంగీ చేతులు మారుతున్నంతసేపూ రాణి చలికి వణుకుతూ నిలబడి ఉంది. కొప్పోలా ఈ ఘట్టాన్ని ఒకసారి విపులంగా చూపి, ఆ తర్వాత అవే ఉదయాలు, అవే భోజనాలు, అవే ప్రార్థనలు వరుసగా పునరావృతం చేస్తారు. ఆ విసుగు ప్రేక్షకులకూ అంటాలన్నదే ఉద్దేశం. పెళ్లయిన ఎనిమిదేళ్లకు గాని, అంటే 1778 డిసెంబరుకు గాని, బిడ్డ పుట్టకపోవడం, అందుకు నింద అంతా ఆమె మీదనే పడడం, వియన్నా నుంచి తల్లి రాసే మందలింపు ఉత్తరాలు మన ప్రేక్షకులకు, ముఖ్యంగా స్త్రీలకు, ఏ వివరణా లేకుండానే అర్థమయ్యే సంగతులు. అత్తవారింట కొత్తకోడలి ఒంటరితనాన్ని గురించిన సినిమాగా చూసినవారికి ఇది నచ్చుతుంది, విప్లవ చరిత్రగా చూసినవారికి నచ్చదు.

ఎందుకంటే చరిత్ర ఇందులో నిజంగానే తక్కువ. 1785లో మొదలై రాణి పరువును బజారున పడేసిన వజ్రహారం కుంభకోణం ప్రస్తావనే లేదు. హారం ఖరీదు ఆనాటి ఫ్రెంచి ద్రవ్యంలో 16 లక్షల లీవ్రులు. రాణికి తెలియకుండానే ఆమె పేరు వాడి రోహాన్ కార్డినల్ అనే ఉన్నత మతాధికారిని మోసం చేశారు, అయినా విచారణ ముగిసేసరికి జనం దృష్టిలో దోషిగా నిలిచింది ఆమే. ఇంతటి ఘట్టాన్ని వదిలివేసిన సినిమా మేజోళ్లకు, మిఠాయిలకు, చెప్పులకు మాత్రం చాలా సమయం ఇస్తుంది. దాంతో రాణి విలాసమే రాజ్యాన్ని ముంచిందన్న పాత అపోహ చూసేవారిలో బలపడే ప్రమాదం ఉంది. 1788 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం ఖర్చులో దాదాపు సగం అప్పులు, వాటి వడ్డీల కిందే పోయింది; మొత్తం కొలువు ఖర్చు ఆరు శాతం ప్రాంతంలో ఉంది. ఆ అప్పులో పెద్ద భాగం యుద్ధాలది, అందులోనూ అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన సాయానిది. ప్రభువర్గం, మతాధికారులు పన్నుల నుంచి చాలావరకు తప్పించుకుంటూ ఉంటే ఆ అప్పు తీరే దారి లేదు. ఈ లెక్క మనసులో ఉంచుకొని చూస్తే కొప్పోలా సినిమా తప్పుదారి పట్టించదు. రొట్టె లేకపోతే కేకు తినమని రాణి అన్నదన్న మాటను మాత్రం సినిమాయే సరిదిద్దుతుంది, ఆమె ఆ మాట అన్నట్టు ఆధారం లేదు.

వెర్సాయ్ ఆవరణలోని త్రియానాన్ తోటలో రాణి తెల్లని పలుచని మస్లిన్ గౌనులో తిరిగే దృశ్యాలను తెలుగువారు కాస్త నిదానంగా చూడాలని నా కోరిక. 1783లో చిత్రకారిణి విజే ల బ్రన్ అలాంటి గౌనులోనే రాణి చిత్రాన్ని గీసి ప్రదర్శనకు పెడితే, రాణి లోపలి బట్టలతో ఉన్నదని గగ్గోలు పుట్టి దాన్ని తీసివేయవలసి వచ్చింది. లియోన్ పట్టు నేతగాళ్ల పొట్ట కొట్టి విదేశీ నూలుబట్టకు పెద్దపీట వేసిందని మరో నింద కూడా వచ్చింది. భారతదేశపు నూలుబట్ట అంటే ఫ్రాన్సుకు అంతకు ముందునుంచే భయం. మన కోరమాండల్ తీరం నుంచి వెళ్లే అద్దకపు బట్టలతో సహా అలాంటి వస్త్రాలన్నింటినీ అక్కడి ప్రభుత్వం 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. ఫ్రెంచి కంపెనీ 1669లోనే గోల్కొండ సుల్తానుల అనుమతితో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టుకున్నది. యానాం చాలాకాలం ఫ్రెంచివారి కిందే ఉన్నది. వెర్సాయ్ కథకూ మన తీరానికీ ఉన్న పోగు సన్ననిదే అయినా నిజమైనది.

బయటి నుంచి వచ్చినవాడి సినిమా

ఇక నేను అందరికీ ముందుగా సిఫారసు చేసే సినిమాలో రాణి కథానాయిక కాదు, బాస్టిల్ లేదు, విప్లవం కూడా దాదాపు లేదు. పత్రీస్ లకొంత్ 1996లో తీసిన "రిడిక్యూల్" కథ 1783లో జరుగుతుంది. అంటే అమెరికా యుద్ధం ముగిసి అప్పు మిగిలిన ఏడు, రాణి మస్లిన్ చిత్రం మీద గగ్గోలు పుట్టిన ఏడు. లియోన్ నగరానికి ఈశాన్యాన ఉన్న దోంబ్ ప్రాంతం చెరువులకు, చిత్తడి నేలలకు పేరుపడ్డది. అక్కడి చిన్న భూస్వామి పోన్సెలుదోన్ తన ఊళ్లలో రైతులు, పిల్లలు జ్వరాలతో చనిపోవడం చూడలేక, బురదనేలల నీరు తీసే పథకం గీసుకొని, రాజుగారి సాయం అడగడానికి వెర్సాయ్ వస్తాడు. పథకం మంచిది, లెక్కలు సరిగ్గా ఉన్నాయి, ఖజానాకు నష్టం లేదు. అయినా అతని మాట రాజు చెవిన పడాలంటే ముందు కొలువులో నలుగురినీ నవ్వించాలి. అక్కడ చమత్కారమే నాణెం. ఎదుటివాణ్ణి ఒక్క మాటతో పడగొట్టగలిగినవాడికి తలుపులు తెరుచుకుంటాయి. తడబడినవాడు ఆ సాయంత్రంతో చచ్చినవాడి కింద లెక్క. ఒక పెద్దమనిషి అలా అవమానం పాలై ఉరి వేసుకుంటాడు కూడా.

సమస్యాపూరణాలు, అవధానాలు, ఆశుకవితలు ఎరిగిన సాహిత్య సంప్రదాయం మనది కనుక, సభలో మాటతో గెలవడంలోని ఆనందాన్ని తెలుగు ప్రేక్షకులు ఇట్టే పట్టుకుంటారు. అందుకే ఈ సినిమా మనకు మరింత లోతుగా తగులుతుంది. ఆ ఆనందమే ఎంత క్రూరంగా మారగలదో ఇది చూపిస్తుంది. ప్రజ్ఞ ప్రజల పనికి రాకుండా, ప్రభువు పొద్దుపుచ్చే సాధనంగా మిగిలిపోయిన కొలువు తన చావును తానే రాసుకుంటుందని ఒక్క ఉపన్యాసం కూడా లేకుండా చెబుతుంది. ఒక మతగురువు రాజు సమక్షంలో దేవుడున్నాడని అద్భుతంగా నిరూపించి, చప్పట్ల మత్తులో, తమరు సెలవిస్తే లేడని కూడా ఇంతే బాగా నిరూపించగలనంటాడు. అంతటితో అతని పని ముగిసిపోతుంది. ఆ దృశ్యంలో అతనికి ఏది నిజమన్నది ఎన్నడూ ముఖ్యం కాలేదని మనకు తెలుస్తుంది, కొలువుకూ అది ముఖ్యం కాదని తర్వాతి క్షణంలో తెలుస్తుంది. అంత దైవభక్తి గల రాజు ఎదుట ఆ మాట అనకూడదన్న లౌక్యం తప్పడమే అతని నేరం.

ఇందులో చరిత్ర పురుషుడు, ఎపే అనే క్రైస్తవ మతగురువు కూడా కనిపిస్తాడు. 1760 ప్రాంతంలో పారిస్‌లో బధిరుల కోసం పాఠశాల నెలకొల్పి, వారి సైగల భాషతోనే చదువు నేర్పిన మహానుభావుడు ఆయన. తన శిష్యులను ప్రభువుల ముందుకు తీసుకువచ్చినప్పుడు, వినోదం చూడడానికి వచ్చినవారు ఆ పిల్లల ముందు ఎంత చిన్నబోతారో చూడవలసిందే. మాటే ఆయుధమైన చోట మాట రానివారు గెలవడం ఈ సినిమాకు ప్రాణం. పల్లెలో జ్వరం, పట్నంలో హాస్యం, మధ్యలో మూసిన తలుపు, విప్లవం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబును నేను మరో సినిమాలో చూడలేదు. ఫ్రాన్సులో ఆ ఏటి ఉత్తమ చిత్రంగా సెజార్ పురస్కారం దీనికే వచ్చింది.

దీనికి ఉన్న ఇబ్బంది ఒక్కటే. మాటలే కథగా నడిచే సినిమాను ఉపశీర్షికలతో చూడడం శ్రమ. ఫ్రెంచి చమత్కారంలో సగం ఆంగ్లంలోకి రాదు, వచ్చిన సగం వేగంగా మాయమవుతుంది. అలసి ఉన్న రాత్రి కాకుండా, అవసరమైతే ఆపి వెనక్కు వెళ్లే తీరిక ఉన్న రోజున చూడడం మంచిది. సిదోనీ సినిమాలా చరిత్ర సన్నాహం మాత్రం దీనికి అక్కరలేదు, పోన్సెలుదోన్‌కు ఎంత తెలుసో మనకూ అంత తెలిస్తే చాలు.

మిగిలినవి

ఎత్తోరె స్కోలా 1982లో తీసిన "లా నుయ్ ద వారెన్" కాలం కొంచెం ముందుకు, 1791 జూన్‌కు జరుగుతుంది. అప్పటికి రాజకుటుంబం వెర్సాయ్‌లో లేదు. 1789 అక్టోబరు 6న ప్రజలు వారిని పారిస్‌కు తీసుకుపోయారు. మారువేషాల్లో పారిపోబోయి వారెన్ అనే చిన్న ఊరిలో పట్టుబడిన ఆ ప్రయాణాన్ని, వెనుకగా మరో బండిలో వెళ్తున్నవారి కళ్లతో స్కోలా చూపిస్తారు. రచయిత రెస్తిఫ్, ప్రేమాయణాలకు పేరుపడి ఇప్పుడు ముసలితనంలో ఉన్న కాసనోవా, అమెరికా స్వాతంత్ర్యాన్ని సమర్థించిన రచయిత థామస్ పెయిన్, రాణి చెలికత్తె అయిన ఒక కౌంటెస్ అందరూ ఆ దారిలో తగులుతారు. పెయిన్ అప్పుడు నిజంగానే పారిస్‌లో ఉన్నాడు. కాసనోవా మాత్రం బొహీమియాలో ఒక ప్రభువు గ్రంథాలయం చూసుకుంటున్నాడు, అతని రాక కల్పన. నటుడు మార్చెల్లో మాస్త్రొయాన్నీ ఆ పాత్రలో చూపిన అలసట పాత లోకం మొత్తానిది. రెండున్నర గంటల సంభాషణ ఇది. చర్చలు ఇష్టపడేవారికి విందు, సంఘటనలు కోరేవారికి పరీక్ష. నా వరుసలో ఇది చివరన చూడవలసినది.

1938లో ఒకే విషయం మీద రెండు సినిమాలు రెండు దేశాల నుంచి వచ్చాయి. హాలీవుడ్‌లో ఎం.జి.ఎం. సంస్థ తీసిన "మేరీ ఆంటోనెట్" లో నార్మా షియరర్ రాణి, రాబర్ట్ మోర్లీ రాజు. వియన్నా నుంచి వధ్యస్థలం దాకా మొత్తం జీవితకథ, స్వీడన్ ప్రభువు ఫెర్సెన్‌తో ప్రేమకథ, అన్నీ భారీ ఎత్తున ఉంటాయి. పాత పౌరాణిక చిత్రాల నిండుదనం ఇష్టపడే పెద్దవారితో కలిసి చూడడానికి అనువైనది. వజ్రహారం కథ కూడా ఇందులో ఉంది. ఫ్రాన్సులో జాన్ రెన్వార్ తీసిన "లా మార్సెయేజ్" అదే కాలాన్ని ప్రజల వైపు నుంచి చూపిస్తుంది. మార్సెయ్ నుంచి పారిస్‌కు నడిచి వచ్చిన సామాన్యులే ఇందులో నాయకులు. అయినప్పటికీ దర్శకుని సోదరుడు పియేర్ రెన్వార్ ధరించిన రాజు పాత్రను చిన్నచూపు చూడకపోవడం ఈ సినిమా గొప్పతనం. ఆకలిగా తినే, పక్కకు జరిగిన విగ్గుతో సైనికుల ముందు నిలబడే ఆ మనిషి మీద మనకు జాలి కలుగుతుంది, అతని పాలన అంతం కావాలనీ అనిపిస్తుంది. రెండు భావాలనూ ఒకేసారి నిలపగలగడం తేలిక కాదు.

ఎమీలియా షూలే రాణిగా 2022లో మొదలైన "మేరీ ఆంటోనెట్" ధారావాహికను కూడా కొందరు అడుగుతుంటారు. మొదటి విడత ఎనిమిది భాగాలు. పాత్రలను నిదానంగా పరిచయం చేసుకోవాలనుకునేవారికి అది పనికివస్తుంది కాని, ఈనాటి యువతి మనస్తత్వాన్ని ఆనాటి రాకుమారికి తొడిగిన చోట్లు కనిపిస్తాయి. సినిమాలు చూసిన తర్వాతే దాని వైపు వెళ్లమంటాను.

ఎవరికి ఏది

ఒకే ఒక్క సాయంత్రం కేటాయించగలిగి, విప్లవం ఎందుకు వచ్చిందో అర్థం కావాలనుకునేవారు "రిడిక్యూల్" చూడాలి. ఎలా వచ్చి మీద పడిందో అనుభవంలోకి రావాలనుకునేవారు "ఫేర్‌వెల్, మై క్వీన్" చూడాలి. ఈ రెండూ దాదాపు గంటా నలభై నిమిషాల సినిమాలే. ఫ్రెంచి సంభాషణలు వినడం కష్టమనిపించేవారికి, దుస్తులు, కట్టడాలు, తోటలు కళ్లారా చూడాలనుకునేవారికి కొప్పోలా సినిమాయే సరి. అది ఆంగ్లంలో నడుస్తుంది, వెర్సాయ్ భవనంలోనే చిత్రీకరణ జరిగింది, దుస్తులకు మిలేనా కానొనేరోకు ఆస్కార్ వచ్చింది. సివిల్స్ వంటి పోటీ పరీక్షలకు ప్రపంచ చరిత్ర చదివేవారు సినిమాలను పాఠాలకు బదులుగా వాడకూడదు గాని, ఎస్టేట్స్ జనరల్ అధ్యాయం చదివిన వారంలో "ఫేర్‌వెల్, మై క్వీన్", 1792 ఆగస్టు 10న రాచరికం కూలిన అధ్యాయం చదివిన వారంలో "లా మార్సెయేజ్" చూస్తే ఆ తేదీలు మరిచిపోరు.

ఇంట్లో పిల్లలతో చూసేవారు ఒక సంగతి గమనించాలి. "రిడిక్యూల్" మొదటి దృశ్యమే అసభ్యమైన ఒక ప్రతీకార చర్యతో మొదలవుతుంది, తర్వాత నగ్న దృశ్యాలు కూడా ఉన్నాయి. "ఫేర్‌వెల్, మై క్వీన్" లోనూ నగ్నత ఉంది. ఈ రెండూ పెద్దలకు మాత్రమే. కొప్పోలా సినిమా హైస్కూలు దాటిన పిల్లలతో చూడవచ్చు గాని, దాంపత్యం గురించిన ప్రశ్నలకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. 1938 నాటి రెండు చిత్రాలూ కుటుంబమంతా చూడదగినవి.

అన్నీ చూసే ఓపిక ఉన్నవారు విడుదలైన సంవత్సరాలను బట్టి గాని, కథాకాలాన్ని బట్టి గాని వెళ్లకండి. కథాకాలం ప్రకారం ముందుండే కొప్పోలా సినిమాతో మొదలుపెడితే మిగిలినవన్నీ రాణి కథకు అనుబంధాలుగా తోస్తాయి. ముందు "రిడిక్యూల్" చూసి, ఆ కొలువు బయటివారి పట్ల ఎలా ప్రవర్తించిందో గ్రహించి, అప్పుడు కొప్పోలా సినిమాలో అదే కొలువు లోపలివారిని ఎలా బంధించిందో చూడండి. ఆ రెండూ మనసులో ఉండగా సిదోనీ వెంట ఆ నాలుగు రోజులూ నడవండి. తర్వాత "లా మార్సెయేజ్", చివరగా స్కోలా సినిమా. పాత చిత్రాలకు పేలవమైన ప్రతులు కూడా చెలామణిలో ఉన్నాయి కనుక పునరుద్ధరించిన ప్రతి దొరుకుతుందేమో ముందు వెతకండి. ఫ్రెంచి సినిమాలను ఆంగ్ల అనువాద గాత్రాలతో కాకుండా అసలు గాత్రాలతో, ఉపశీర్షికలతో చూడండి. "రిడిక్యూల్" విషయంలో ఈ నియమాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ సడలించకండి.